మూడు కొట్టేలోగా: రెజ్లింగ్ మ్యాచ్‌లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

మీకు బాగా గుర్తుండిపోయిన రెజ్లింగ్ మ్యాచ్ ఏది, దాని గురించి ఇప్పటికీ తీరని సందేహం ఏమిటి అని కిందటి సంచికలో అడిగాం. అండర్‌టేకర్ ఓటమి మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంక దేనిమీదా రాలేదు. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: 2014లో అండర్‌టేకర్ ఓడిపోయిన సోమవారం పొద్దున మా హాస్టల్లో ఎవరూ టిఫిన్ ముట్టలేదు. రిఫరీ పొరపాటున మూడు కొట్టేశాడని మావాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. నిజమేనా సార్? అంత పెద్ద స్టేడియం అలా మూగబోయిందేం?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రిఫరీ పొరపాటేమీ లేదు. 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో, డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద షో రెజిల్‌మేనియాలో, బ్రాక్ లెస్నర్ గెలవాలన్నది కంపెనీ నిర్ణయమే. అది కూడా ఆ రోజే మారిందని అండర్‌టేకరే తర్వాత చెప్పాడు. మీవాళ్లకు అనుమానం రావడానికి కారణం ఉంది. కిందివాడి భుజాలు మ్యాట్‌కు ఆని ఉండగా రిఫరీ మూడుసార్లు కొడితే ఆట అయిపోయినట్టు. కానీ మూడోసారి కొట్టాక లెస్నర్ మ్యూజిక్ వెంటనే మోగలేదు. ఆ కొన్ని సెకన్ల ఖాళీలో కంపెనీ లెక్క ప్రకారం 75,167 మంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్ద తెర మీద '21-1' అని పడ్డాక గానీ నమ్మలేదు.

రెజిల్‌మేనియాల్లో ఓటమే లేకుండా అండర్‌టేకర్ గెలిచిన ఆ 21 ఎలా వచ్చిందో కూడా చెప్పేస్తాం, చాలామంది లెక్క తప్పుతుంటారు. 1991లో రెజిల్‌మేనియా 7లో జిమ్మీ స్నూకా మీద మొదటి గెలుపు. మధ్యలో 10, 16 ఆడలేదు. 2013లో జరిగిన 29 దాకా లెక్కేస్తే 21.

ఇక మూగబోవడం సంగతి. ఈసారి మ్యాచ్ పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. చివర్లోనే కాదు, మొదటినుంచీ గోల తక్కువే. లెస్నర్ మొదటి ఎఫ్5 (భుజాల మీదికెత్తి తిప్పి పడేసే అతని ఫినిషర్, అంటే ఆట ముగించే దెబ్బ) వేసి, భుజాలు మ్యాట్‌కు అదిమి పిన్ చేస్తే అండర్‌టేకర్ రెండు దగ్గర భుజం లేపాడు. మామూలుగా అయితే ఇల్లెగిరిపోవాలి. పెద్దగా చలనం లేదు. అతను ఓడిపోవచ్చన్న అనుమానమే ఎవరికీ లేకపోవడమే కారణం. 'టూ కౌంట్'కి కేక పుట్టాలంటే ఆ అర సెకను పాటు 'అయిపోయిందిరా' అనిపించాలి. అలా అనిపించనప్పుడు ఎన్ని ఫినిషర్లు వేసినా వృథానే. దానికితోడు మ్యాచ్ మధ్యలో అండర్‌టేకర్ తలకు దెబ్బ తగిలి కంకషన్ అయింది, కదలికలు నెమ్మదించాయి, 25 నిమిషాల ఆట సాగదీసినట్టయింది. ఆ రాత్రే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆఖరి ఎఫ్5 కూడా ముందు రెండింటి లాంటిదే. అండర్‌టేకర్ తన ఫినిషర్ టూంబ్‌స్టోన్ (తలకిందులుగా పట్టి మ్యాట్ వైపు దింపడం) కోసం ఎత్తబోతే లెస్నర్ జారిపోయి తిరిగి భుజాలకెత్తుకున్నాడు, అంతే. రెండుసార్లు లేచినవాడు మూడోసారీ లేస్తాడనుకున్నారు. లేవలేదు.

దాని తర్వాత ఏ మ్యాచ్ పెట్టారో చాలామందికి గుర్తుండదు. ఏజే లీ బెల్ట్ కోసం 14 మంది మహిళలు ఒకేసారి దిగిన మ్యాచ్ అది. పాపం, దాన్ని చూసే స్థితిలో ఎవరూ లేరు. అయితే ఆ స్థానానికి ఓ పని ఉంది. పెద్ద దెబ్బ తిన్న జనానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా మెయిన్ ఈవెంట్ పెడితే అదీ చల్లారిపోతుంది. అదే జనం కాసేపటికే డేనియల్ బ్రయాన్ రెండు బెల్టులూ ఎత్తినప్పుడు గొంతు పోయేలా 'యెస్' అని అరిచారు.

ప్రశ్న: అండర్‌టేకర్, షాన్ మైకేల్స్ ఆడిన రెండింటిలో ఏది గొప్పది? రెజిల్‌మేనియా 25లోదా, 26లోదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: కథ 26ది, ఆట 25ది. ఒకటే ఎంచుకోమంటే 25.

2009 ఏప్రిల్ 5, హ్యూస్టన్. అరగంట దాటిన మ్యాచ్. అందులో అండర్‌టేకర్ టూంబ్‌స్టోన్ వేసి పిన్ చేస్తే మైకేల్స్ భుజం లేపిన క్షణాన్ని పై జవాబుతో కలిపి చూడండి. ఆ ఫినిషర్ నుంచి లేవడం అరుదు కాబట్టి జనం నిజంగానే అయిపోయిందనుకున్నారు. కెమెరా అండర్‌టేకర్ మొహం మీదికి వెళ్తే అక్కడా అదే ఆశ్చర్యం. ఇక అతను తాళ్ల మీంచి బయటికి దూకి తలకిందులుగా పడ్డ చోట, పట్టుకోవలసిన 'కెమెరామన్' నిజానికి ఆ వేషంలో ఉన్న ఇంకో రెజ్లర్. ఆసరా సరిగా అందక మెడ మీద బరువు పడింది. ఆ దెబ్బ తర్వాత కూడా మరో పావుగంట ఆడాడు. మరుసటి ఏడాది మైకేల్స్ కెరీర్‌ను పణంగా పెట్టి ఓడి రిటైరయ్యాడు. అక్కడ కళ్లు చెమ్మగిల్లినా, మ్యాచ్‌గా మొదటిదే బిగువైనది.

ప్రశ్న: మా నాన్నగారు 'అదంతా ఉత్తుత్తిదే, స్టంట్ సినిమా' అని కొట్టిపారేస్తారు. దెబ్బలు నిజమేనని ఎలా ఒప్పించను?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: సగం నాన్నగారి మాటే నిజం. గెలుపోటములు ముందే నిర్ణయమవుతాయి. కాకపోతే పడటం మాత్రం పడటమే. వాదన వద్దు, రింగ్ ఎలా కడతారో చెప్పండి.

డబ్ల్యూడబ్ల్యూఈ రింగ్ ఒక్కో వైపు 20 అడుగులు. అడుగున ఇనుప దూలాలు, వాటి మీద అడ్డంగా చెక్క పలకలు, ఆ పైన పల్చటి ఫోమ్ పొర, దాని మీద బిగించి కట్టిన కాన్వాస్ గుడ్డ. పరుపు కాదది. పలకలు కాస్త వంగుతాయి, అదొక్కటే దయ. పడ్డప్పుడు వచ్చే 'ధడేల్' చప్పుడు ఆ పలకలదే.

వెల్లకిలా పడటాన్ని 'బంప్' అంటారు, శిక్షణలో మొదటి పాఠం అదే. మోకాళ్లు వంచి కిందికి దిగాలి. గడ్డం గుండెకు ఆనించి చూపు పొట్ట మీద పెట్టాలి. ఊపిరి వదిలేస్తూ వెనక్కి ఒరగాలి. వీపు పైభాగం మొత్తం ఒకేసారి మ్యాట్‌ను తాకాలి. అదే క్షణంలో రెండు చేతులూ కొంచెం పక్కలకు చాచి అరచేతులు కిందికి చరచాలి. దెబ్బ ఒకచోట కాకుండా వెడల్పుగా పంచుకోవడమే ఇందులో కిటుకు. తప్పు జరిగితే ఎక్కడ జరుగుతుందంటే: గడ్డం వదిలేస్తే తల వెనకభాగం కొట్టుకుంటుంది, భయంతో చేయి వెనక్కి ఆనిస్తే మణికట్టో మోచెయ్యో పోతుంది, ఊపిరి బిగబడితే ఒక్కసారిగా కొట్టేసి కాసేపు గాలి అందదు. అన్నీ సరిగ్గా చేసినా వందలసార్లు పడితే నడుమూ మెడా అరిగిపోతాయి.

ఇద్దరిలో ఒకరు కూర్చునే తీరు మారితే ఏమవుతుందో చూపించే మ్యాచ్ 1997 ఆగస్టు 3 సమ్మర్‌స్లామ్‌లో ఉంది. ఓవెన్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్‌ను తలకిందులుగా పట్టుకుని పైల్‌డ్రైవర్ వేశాడు. మోకాళ్ల మీద దిగితే కింద ఖాళీ మిగిలి అవతలివాడి తల మ్యాట్‌కు తగలదు. ఓవెన్ కాళ్లు చాపి కూర్చుండిపోయాడు. ఆస్టిన్ తల అప్పటికే అతని తొడల కిందికి జారి ఉంది. బరువంతా మెడ మీద పడి, కాసేపు కాళ్లూ చేతులూ కదల్లేదు. ఓవెన్ చుట్టూ తిరుగుతూ జనాన్ని రెచ్చగొడుతూ సమయం సాగదీశాడు. ఆస్టిన్ పాకుతూ వచ్చి, వెనకనుంచి అతని కాళ్లు పట్టుకుని ఓ బలహీనమైన రోలప్‌తో మూడు కొట్టించాడు. బెల్ట్ మారాలన్నది ముందే అనుకున్న ఫలితం. ఆ రోలప్ చూపించి, ఇందులో నటన ఎంతో నాన్నగారినే చెప్పమనండి.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. మంచం మీద తమ్ముణ్ని ఎత్తి పడేస్తున్నాడు. టీవీ కట్టేయడం తప్ప దారి లేదా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: కట్టేస్తే పక్కింట్లో చూస్తాడమ్మా. మూడు కచ్చితమైన నిషేధాలు పెట్టండి: మనిషిని తలకిందులు చేయడం, మెడ చుట్టూ చేయి బిగించడం, ఎత్తు నుంచి మనిషి మీదికి దూకడం. తలకిందులుగా పట్టి వేసే పైల్‌డ్రైవర్‌ను డబ్ల్యూడబ్ల్యూఈయే తన రెజ్లర్లకు ఏళ్ల తరబడి దాదాపుగా ఆపేసిందని వాడికి చెప్పండి, ఆ మాట పనిచేస్తుంది. కుస్తీ పట్టాలనే ఉంటే దిండుతో పట్టమనండి, మంచం మీద కాదు, నేల మీద పరిచిన పరుపు మీద. మంచం అంచూ గోడా తలకు రెండు వైపులా పొంచి ఉంటాయి. ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలాక వాంతి అయినా, మత్తుగా పడుకుంటున్నా, అడిగిందానికి పొంతన లేకుండా చెబుతున్నా, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మ్యాన్‌కైండ్‌ను బోను మీంచి పడేసింది డమ్మీ బొమ్మనేనని మా అన్నయ్య పందెం కాశాడు. బొమ్మ కాకపోతే మనిషి ఎలా బతికాడు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: అన్నయ్య పందెం ఓడిపోయాడు. 1998 జూన్ 28, పిట్స్‌బర్గ్, కింగ్ ఆఫ్ ద రింగ్. పడింది మ్యాన్‌కైండ్ పేరుతో ఆడిన మిక్ ఫోలీయే, పడేసింది అండర్‌టేకర్. హెల్ ఇన్ ఎ సెల్ బోను అప్పట్లో సుమారు 16 అడుగులు. మ్యాచ్ పైకప్పు మీదే మొదలైంది. మొదటి పతనం అనుకున్నదే. కింద స్పానిష్ వ్యాఖ్యాతల బల్ల ఉంది. ఆ బల్ల విరిగిపోవడమే కాపాడింది. విరగని వస్తువు మీద పడితే దెబ్బ మొత్తం ఒంటికే, విరిగేది అందులో కొంత తాను తీసుకుంటుంది. అయినా భుజం దెబ్బతింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే దిగి వచ్చి మళ్లీ పైకెక్కాడు.

అసలు భయపడాల్సింది రెండో పతనానికి. పైకప్పు మీద గొంతు పట్టి ఎత్తి పడేసే చోక్‌స్లామ్ వేయగానే జాలీ పలక ఊడి ఫోలీ నేరుగా రింగ్‌లోకి పడ్డాడు. అది ఎవరూ అనుకున్నది కాదు. వెనకే ఇనుప కుర్చీ వచ్చి మొహం మీద పడింది. పన్ను ఊడి ముక్కు దగ్గర ఇరుక్కుంది. కెమెరాలో అతను వెర్రిగా నవ్వుతున్నట్టు కనిపిస్తుంది చూడండి, పెదవి చిరిగి నాలుక బయటికి తోసుకొస్తున్న దృశ్యం అది. అప్పుడు అండర్‌టేకర్ కూడా పాదం ఎముక విరిగిన కాలితోనే ఉన్నాడు. సమయం కొనడానికి టెర్రీ ఫంక్ పరుగెత్తుకొచ్చి తన్నులు తిన్నాడు. చోక్‌స్లామ్ వేస్తే బూట్లు అక్కడే ఉండిపోయి మనిషి మాత్రం పోయి పడ్డాడు. ఆ తర్వాత గుండుపిన్నులు కూడా ఉన్నాయి, అవి కూడా అసలువే.

తర్వాతి కాలంలో సెల్ ఎత్తు 20 అడుగులైంది. ఆ పతనాన్ని మించాలని ప్రయత్నించినవాళ్లెవరూ ఆ నిశ్శబ్దాన్ని పుట్టించలేకపోయారు. మొదటివాడు పడినప్పుడు జనానికి అది సాధ్యమనే తెలియదు మరి.

ప్రశ్న: అది నటనో నిజంగా గాయమో టీవీలో కనిపెట్టే గుర్తేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రిఫరీని చూడండి. తల పైన రెండు చేతులూ ఇంటూ గుర్తులా అడ్డంగా పెడితే నిజమైన గాయమని వెనకున్నవాళ్లకు సంకేతం. కథ కోసం ఆ గుర్తును కూడా వాడుకున్న సందర్భాలున్నాయి కాబట్టి అదొక్కటే చాలదు. కెమెరా ఒక్కసారిగా దూరపు షాట్‌కో ప్రేక్షకుల మీదికో వెళ్లిపోవడం, వ్యాఖ్యాతలు గొంతు తగ్గించడం, అవతలి రెజ్లర్ కొట్టడం మానేసి పక్కకు తప్పుకోవడం, ఈ మూడూ కలిస్తే అనుమానించాల్సిందే. నటించేవాడు నొప్పిని జనానికి చూపిస్తాడు, నిజంగా తగిలినవాడు కదలకుండా ఉంటాడు.

ప్రశ్న: రాండీ శావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్‌ను అందరూ పొగుడుతారు. చూస్తే 15 నిమిషాలు కూడా లేదు. ఏముంది అందులో?
– బ్యాంకు ఉద్యోగి, తిరుపతి

జవాబు: వేగం ఉంది, అంతకుమించి లెక్క ఉంది. 1987 మార్చి 29, రెజిల్‌మేనియా 3, పాంటియాక్ సిల్వర్‌డోమ్. ఆ రోజుల్లో చాలా మ్యాచ్‌లు రింగ్‌లోనే మాట్లాడుకుంటూ అప్పటికప్పుడు కట్టేవారు. శావేజ్ మాత్రం ప్రతి అడుగూ ముందే కాగితం మీద నంబర్లేసి రాసుకునేవాడు. ఒకరు నంబర్ చెబితే మరొకరు ఆ తర్వాతి పట్లన్నీ అప్పజెప్పేలా ఇద్దరూ బట్టీ కొట్టారు. అందుకే పావుగంట లోపు టూ కౌంట్లు ఇరవై దాకా పట్టాయి, ఒకటీ అతికించినట్టుండదు.

ముగింపు చూడాలంటే వెనకటి కథ తెలియాలి. 1986 నవంబర్‌లో శావేజ్ రింగ్ గంటతో స్టీమ్‌బోట్ గొంతు నలిపేశాడు. కాబట్టి రెజిల్‌మేనియాలో శావేజ్ మళ్లీ ఆ గంట చేతిలోకి తీసుకోగానే కథ తెలిసిన ప్రతివాడికీ ఒళ్లు జలదరిస్తుంది. స్టీమ్‌బోట్ తరఫున వచ్చిన జార్జ్ స్టీల్ అడ్డుపడి శావేజ్‌ను పైతాడు మీంచి తోసేశాడు. తూలుతూ లేచిన శావేజ్ స్టీమ్‌బోట్‌ను ఎత్తబోతే, స్టీమ్‌బోట్ అతన్ని గాల్లోనే చుట్టచుట్టి స్మాల్ ప్యాకేజ్‌తో మూడు కొట్టించేశాడు. వినడానికి చిన్న పట్టు. కానీ కథలో అంత ద్వేషం పేరుకున్నాక చిన్న పట్టుతో ఓడిపోతేనే విలన్‌కు మంట.

ఆ రోజు హాజరు 93,173 అని కంపెనీ ప్రకటన. 78,000 అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా ఇప్పట్లో తెగదు. హల్క్ హోగన్ భారీకాయుడు ఆండ్రే ద జెయింట్‌ను ఎత్తి వేసింది కూడా ఆ రోజే. ఆండ్రే నడుము అప్పటికే పాడైపోయి బట్టల లోపల పట్టీ కట్టుకుని దిగాడు. అందుకే ఆ మ్యాచ్‌లో ఎక్కువసేపు ఎలుగుబంటి పట్టే ఉంటుంది. హోగన్ ఎత్తిన ఆ ఒక్క క్షణం కోసమే మిగతాదంతా.

ప్రశ్న: బ్రెట్ హార్ట్, ఆస్టిన్ సబ్‌మిషన్ మ్యాచ్ ముందు బ్రెట్ హీరో, అయ్యేసరికి విలన్. ఒక్క మ్యాచ్‌లో ఇద్దర్నీ ఎలా తిప్పేశారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మంచి ప్రశ్న వేశారు. రెజ్లింగ్ రాయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఒకే ఒక్క మ్యాచ్ చూడాలంటే మేం ఇదే చూపిస్తాం. 1997 మార్చి 23, షికాగో పక్కన రోజ్‌మాంట్, రెజిల్‌మేనియా 13. ఎదుటివాడిచేత ఓటమి ఒప్పిస్తేనే గెలుపన్నది ఈ సబ్‌మిషన్ మ్యాచ్ నియమం. రిఫరీ కెన్ షామ్‌రాక్.

తిప్పడం ఒక్క దెబ్బతో జరగలేదు. బ్రెట్ అప్పటికే కొన్ని నెలలుగా 'నాకు అన్యాయం జరిగింది' అని ఫిర్యాదులు చేస్తూ వచ్చాడు. ఫిర్యాదు చేసేవాణ్ని జనం మెల్లగా విసుక్కోవడం మొదలుపెట్టారు. మ్యాచ్‌లో అతను కుర్చీతో ఆస్టిన్ కాలు విరిచే ప్రయత్నం చేస్తాడు, ఇనుప స్తంభానికి కాళ్లు మెలేస్తాడు. ఇవన్నీ విలన్ చేసే పనులు. ఆస్టిన్ నుదురు పగిలి మొహమంతా రక్తం. అప్పట్లో కంపెనీ రక్తం వద్దనే చెప్పింది. ఇద్దరూ లోపాయికారీగా చేసిన పని అని బ్రెట్ తర్వాత ఒప్పుకున్నాడు. కాళ్లు మెలేసి నడుం వంచే బ్రెట్ పట్టు షార్ప్‌షూటర్‌లో ఇరుక్కున్నా ఆస్టిన్ ఓటమి ఒప్పుకోడు. ఒకసారి దాదాపు విడిపించుకుంటాడు కూడా. ఆ 'దాదాపు' దగ్గర జనం వైపు మారడం చెవులకు వినిపిస్తుంది. చివరికి స్పృహ తప్పుతాడు తప్ప ఓటమి ఒప్పుకుంటూ చేత్తో మ్యాట్‌ను కొట్టడు. షామ్‌రాక్ మ్యాచ్ ఆపేస్తాడు.

ఇక్కడితో వదిలేస్తే సగమే అయ్యేది. గెలిచాక కూడా బ్రెట్ స్పృహలేనివాడి కాలు మళ్లీ తన్నాడు. షామ్‌రాక్ నడుం పట్టి విసిరేసి 'రా' అన్నాడు. బ్రెట్ వెనకడుగు వేశాడు. అదీ ఆఖరి మేకు. బలహీనుణ్ని తన్ని, బలవంతుడి ముందు తగ్గినవాణ్ని ఏ ఊరి జనమూ క్షమించరు. తర్వాత ఆస్టిన్ ఎవరి సాయమూ పట్టకుండా కుంటుతూ వెళ్తుంటే చప్పట్లు. ఓడినవాడికి, అదీ నిన్నటి విలన్‌కి.

ప్రశ్న: 2002లో రాక్, హోగన్ మ్యాచ్‌లో జనం విలన్ హోగన్‌కే కేకలు వేశారు. అదీ ముందే అనుకున్నదేనా?
– ఒక పాఠకుడు, డాలస్, అమెరికా

జవాబు: లేదు. టొరంటో జనం స్క్రిప్టును చేతుల్లోకి తీసేసుకున్నారు. 2002 మార్చి 17, రెజిల్‌మేనియా 18, స్కైడోమ్, 68,237 మంది. అంతకుముందు వారాల్లో హోగన్ గ్యాంగు రాక్‌ను సుత్తితో కొట్టి, అతను ఉన్న అంబులెన్స్‌ను లారీతో గుద్దేసిన కథ నడిచింది. అంత చేసినవాణ్ని అసహ్యించుకోవాలి. హోగన్ నడిచొచ్చేసరికి పాతికేళ్లవాళ్లంతా పదేళ్ల పిల్లలైపోయారు.

పద్యనాటకంలో జనం 'వన్స్ మోర్' అంటే రాయబారం మధ్యలో కృష్ణుడు ఆగి పద్యం మళ్లీ ఎత్తుకోడూ? ఇక్కడా అదే జరిగింది. రాక్ వెంటనే గమనించి తానే విలన్ వైపు జరిగాడు, ఎగతాళి మొహాలు పెట్టాడు, హోగన్ నడుం పట్టీ తీసుకుని అతన్నే బాదాడు. హోగన్ విలన్ దెబ్బలు తగ్గించి పాత వేలు చూపించడం, ఊగిపోవడం బయటికి తీశాడు. రాక్ ఫినిషర్ 'రాక్ బాటమ్' నుంచి హోగన్ లేచినప్పటి గోలకు వ్యాఖ్యాతల మాట వినపడదు. ఫలితం మాత్రం మారలేదు, రెండు రాక్ బాటమ్‌లు, 'పీపుల్స్ ఎల్బో' అనే మోచేతి దెబ్బతో రాక్ గెలిచాడు. ఇద్దరూ కూడబలుక్కుని ఎదురు వెళ్లి ఉంటే జనం చివరికి రాక్‌ను కూడా వదిలేసేవారు. పాపం ఆ తర్వాత మెయిన్ ఈవెంట్ ఆడిన ట్రిపుల్ హెచ్, జెరికోలకు అరిచే గొంతులు మిగల్లేదు. 2025 జూలై 24న హోగన్ పోయాడని విన్నవాళ్లలో చాలామంది ముందుగా వెతికి చూసింది ఈ మ్యాచ్‌నే అయి ఉంటుంది.

ప్రశ్న: ఖలీ మన దేశం పేరు నిలబెట్టాడు కదా, అతని పంజాబీ ప్రిజన్ మ్యాచ్‌లను విమర్శకులు ఎందుకు తీసిపారేస్తారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఖలీ సాధించినదాన్ని ఎవరూ కాదనలేరు. 2006 మేలో అండర్‌టేకర్‌ను పిన్ చేశాడు. 2007 జూలైలో 20 మంది బ్యాటిల్ రాయల్‌లో చివరికి కేన్, బాటిస్టా ఇద్దర్నీ ఒకేసారి బయటికి తోసి వరల్డ్ హెవీవెయిట్ బెల్ట్ కట్టుకున్నాడు. మోకాళ్లు సహకరించక కదలిక తక్కువ, కాబట్టి అతని మ్యాచ్‌లు చిన్నవిగా, తలమీద చేత్తో వేసే దెబ్బ చుట్టూ ఉన్నప్పుడే బాగుంటాయి.

ప్రిజన్ గొడవ ఖలీది కాదు, వెదుళ్లది. ఒకదానిలో ఒకటిగా ఉన్న రెండు వెదురు బోన్ల నుంచి ముందు బయటపడినవాడిదే ఆ మ్యాచ్‌లో గెలుపు. లోపలి బోను నాలుగు పలకలు, 16 అడుగులు. బయటిది ఎనిమిది పలకలు, 20 అడుగులు. లోపలి దానికి నాలుగు చిన్న తలుపులు. అడిగితే ఒక్కో తలుపు ఒక్కసారే 60 సెకన్లు తీసి తాళం వేసేస్తారు. బయటిదాన్ని ఎక్కి దిగాల్సిందే. కాగితం మీద బ్రహ్మాండం. కట్టాక చూస్తే రెండు వరుసల వెదుళ్ల వెనక ఏం జరుగుతోందో ముందు వరుసవాడికే కనపడదు. జనం తల ఎత్తి తెర చూస్తూ కూర్చుంటారు. కనపడనిదానికి ఎవరు అరుస్తారు? మొదటిసారి 2006లో ఖలీకే డాక్టర్ల అనుమతి దొరక్క బిగ్ షో ఆడాల్సొచ్చింది. 2007లో బాటిస్టా లోపలి బోను మీంచి బయటిదానికి దూకి పట్టుకున్న క్షణం ఒక్కటి మాత్రం చూడదగ్గది. 2017లో జిందర్ మహల్, ఆర్టన్ మ్యాచ్‌లో ఖలీ వచ్చి ఆర్టన్‌ను పట్టుకోవడం తప్ప చెప్పుకోవడానికి లేదు.

ప్రశ్న: 2023లో గచ్చిబౌలిలో జరిగిన షోకి వెళ్లలేకపోయాను. మళ్లీ వస్తే ఎక్కడ కూర్చోవాలి, ఏం చూడాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: 2023 సెప్టెంబర్ 8న బాలయోగి ఇండోర్ స్టేడియంలో జరిగిన ఆ సూపర్‌స్టార్ స్పెక్టకిల్, 2017 డిసెంబర్ ఢిల్లీ షో తర్వాత మనకు దక్కిన మొదటిది. జాన్ సీనా, సెత్ రోలిన్స్ జట్టుగా కైజర్, విన్చీల మీద గెలిచారు.

టికెట్ కొనేముందు స్టేడియం బొమ్మ చూసుకోండి. రింగ్ చుట్టూ వేసే కుర్చీలు ఖరీదైనవే గానీ నేల చదునుగా ఉంటుంది. ముందు మూడు నాలుగు వరుసలు దాటితే అందరూ లేచి ఫోన్లు ఎత్తాక కనిపించేది ముందువాడి చెయ్యే. పొట్టిగా ఉన్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు గ్యాలరీ మొదటి వరుసలు తీసుకోవడం నయం. రింగ్ మూల స్తంభానికి ఎదురుగా కాకుండా పక్కవైపు మధ్యలో ఉండేలా చూసుకోండి. కెమెరాలున్న షో అయితే రెజ్లర్లు ఎక్కువగా ప్రధాన కెమెరా వైపే మొహం పెడతారు. ఆ కెమెరా ఉన్న వైపు కూర్చుంటే మొహాలు కనపడతాయి, ఎదుటి వైపు కూర్చుంటే మీరు టీవీలో కనపడతారు. ఏది కావాలో మీ ఇష్టం. చిన్నపిల్లలకు చెవులు కప్పే ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి, ఎంట్రీ మ్యూజిక్, బాణసంచా చప్పుడు ఎక్కువ.

స్టేడియంలో వ్యాఖ్యానం వినపడదు కాబట్టి కథ రెజ్లర్ల ఒంట్లోంచే అర్థం కావాలి. విలన్‌ను చూస్తూ ఉండండి. మ్యాచ్ నడిపేది సాధారణంగా అతనే. పట్టు పట్టి తల దగ్గర తల పెట్టినప్పుడు తర్వాతి పట్టు చెప్పుకుంటారు. రిఫరీ చెవిలో ఇయర్‌పీస్ ఉంటుంది. అతను వంగి ఇద్దరితో ఏదో అన్నాక ఆట ఒక్కసారిగా వేగం పుంజుకుంటే, ముగించమని కబురొచ్చినట్టే.

ప్రశ్న: చిన్నప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) ట్రంప్ కార్డుల మీద ఎత్తులు, బరువులు నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ప్రకటనకు చెప్పేవి. ఎత్తు సాధారణంగా ఒకటి రెండు అంగుళాలు పెంచే చెబుతారు. ఆండ్రేకి 7 అడుగుల 4 అంగుళాలని ప్రకటించేవారు. బరువు చెబితే భారీకాయుడు యోకోజునా కార్డు ఉన్నవాడిదే ఆట.

ప్రశ్న: మా ఆవిడ ఇంతవరకూ ఒక్క మ్యాచ్ చూడలేదు. ఏది ముందు చూపించాలి?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: శావేజ్, స్టీమ్‌బోట్. గంట కథ రెండు ముక్కల్లో చెప్పి పెట్టండి, చిన్నది కాబట్టి విసుగు రాదు. నచ్చితే రాక్, హోగన్. రక్తం చూడలేకపోతే బ్రెట్, ఆస్టిన్‌ది కొన్నాళ్లు ఆపండి. మ్యాన్‌కైండ్ మ్యాచ్ మాత్రం భోజనాల వేళ పెట్టకండి.